కాటా ఆఫీసు కుర్చీ

మా మనవరాలు ఏంజెలిన్ బీకాం కంప్యూటర్స్ ఫస్టు క్లాసులో పాసయింది. ఇది నిజం. నా పేరు సమాధానం. ఈ సమాధానం తాత చెప్పేవాటిల్లో సగం అబద్ధమని మా పాలెంలో పిలకాయలకు కూడా తెలుసు గాబట్టి, ఏది నిజమో ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆ సర్టిఫికెట్టు మీద కంప్యూటర్స్ అనే మాట ఇంత లావున అచ్చేసి ఉంది. ఆ పిల్ల మటుకు మూడేళ్ళలో కంప్యూటరును చూసిందే గాని ముట్టింది లేదు. ఇదీ నిజమే.

వాళ్ళ కాలేజీలో కంప్యూటర్లకు ఏసీ గది. వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి పోవాల. లోపల ఒక్కో మిషనుకూ గుడ్డ కప్పి పెండ్లికూతురి మాదిరి కూర్చోబెట్టి ఉంటారంట. సారు గుడ్డ తీసి, తానే కూర్చుని నొక్కతా ఉంటే, పిలకాయలు చుట్టూ నిలబడి మెడలు సాచి చూడాల. ఎవరన్నా ఆశకొద్దీ కుర్చీలో కూర్చుంటే "లే, లే, చెడగొడతావు" అని లేపేసేవాడంట. ఆ తర్వాత తాళం. పరీక్షల్లో మటుకు ప్రాక్టికల్ మార్కులు అందరికీ నిండుగా వేసేసినాడు, పుణ్యాత్ముడు. మా చర్చిలో ప్రభువు బల్లకు కూడా ఇంత భయభక్తులు నేను చూడలేదు.

ఫోనంటే వేరే సంగతి. ఫోను చేతిలో ఉంటే మా ఏంజెలిన్‌కు అడ్డం లేదు. పొయ్యి మీద పులుసు పొంగేలోపల పాలెంలో సగం ఇండ్లకు కరెంటు బిల్లు కట్టేస్తుంది. ఇంకో సగానికి గ్యాసు చెప్పేస్తుంది. ఆ రెండు బొటనవేళ్ళు ఆడతా ఉంటే రేకుల మీద వాన పడినట్టుంటుంది.

కృష్ణపట్నం పోర్టు దారిలో ఒక లారీల యార్డు ఉంది. బొగ్గు బండ్లు అక్కడ కాటా మీదికెక్కి తూకం వేయించుకుని పోతాయి. ఆ కాటా ఆఫీసులో కిటికీ పక్కన కంప్యూటరు ముందర కూర్చునేదానికి మనిషి కావాలని తెలిసింది. ఏంజెలిన్ ఎగిరి గంతేసింది. వాళ్ళమ్మ లిల్లీ, అంటే నా కూతురు, అంత ఎగరలేదు. లిల్లీ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి ఒలిచి, ఇంటికొచ్చేసరికి దాని వేళ్ళు నీళ్ళలో నానిన శనగల మాదిరి ఉంటాయి. కొంగుతో తుడుచుకుంటా ఒకటే మాట చెప్పింది.

"ఆ కుర్చీ దొరికితే నాకన్నా సంతోషపడేవాళ్ళు లేరు. దొరక్కపోతే మటుకు ఏడుపులు వద్దు. నాతో పాటు కంపెనీ బండెక్కు. సూపర్‌వైజరుకు నీ పేరు చెప్పేసినా."

"ఎక్కనుమా," అనింది ఏంజెలిన్.

"చూస్తాంలే," అనింది లిల్లీ.

పరీక్ష రోజు తోడుగా నేనూ పోయినాను. "నువ్వు రావద్దు తాతా, వస్తే ఏదో ఒకటి వాగతావు" అని ఆ పిల్ల చెప్పింది. రావద్దన్నచోటికి పోకుండా ఉండే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ లేదు.

ఆఫీసు ఇన్‌ఛార్జి పేరు పెంచలకృష్ణ. సంగం పక్క సేద్యగాళ్ళ బిడ్డ. వయసు యాభై దాటింది గాని మీసాలు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయినాయి, రంగు పుణ్యాన. నన్ను చూసి, "ఏం పెద్దాయనా, నువ్వూ పరీక్షకేనా?" అన్నాడు.

"అవును నాయనా. నాకు మాత్రం కుర్చీ కాస్త మెత్తంది వేయించు," అన్నాను.

ఏంజెలిన్ నా వైపు ఉరిమి చూసి లోపలికి పోయింది. పోతా పోతా చెప్పులు గుమ్మం బయట విడిచింది. లోపల జనం బొగ్గు బూట్లతో తిరగతా ఉన్నారు. నేల మీద బొగ్గుపొడి ముగ్గుపిండి మాదిరి పరుచుకుని ఉంది. ఆ పిల్ల తెల్లటి పాదాలతో దాంట్లో నడుచుకుంటా పోతే డ్రైవర్లంతా మాటలు ఆపి చూసినారు.

"ఏంది పాపా, మొక్కుబడి ఏమన్నా ఉందా?" అన్నాడు పెంచలకృష్ణ.

"కంప్యూటర్ గది గదా సార్."

అందరూ గొల్లుమన్నారు. మూడేళ్ళలో కంప్యూటరు గురించి ఆ కాలేజీవాళ్ళు చేత్తో చేయించి నేర్పింది అదొక్కటే, పాపం. దాన్ని మా పిల్ల తప్పు లేకుండా చేసింది.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకే బాధగా ఉంది. కంప్యూటరు ముందర కూర్చుని, అద్దం మీద వేలు పెట్టి పక్కకు తోసింది. బొగ్గుదుమ్ములో గీత పడింది గాని లోపల బొమ్మ కదల్లేదు. మౌసు పట్టుకోమంటే పట్టుకుంది. బాణం గుర్తు తెర మీద ఈ మూలకూ ఆ మూలకూ చేపపిల్ల మాదిరి పరిగెత్తింది. నాలుగు లైన్లు రాయమంటే ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి ఎట్లనో కొట్టింది.

"ఇప్పుడు దాన్ని సేవ్ చెయ్యి," అన్నాడు పెంచలకృష్ణ.

"అదే అవతాది గదా సార్?"

"అదే ఎట్లా అవుతుంది? ఎవరు చేస్తారు, మీ తాత చేస్తాడా?" అని ఆ పేజీని మూసేసినాడు. "చూపించు ఇప్పుడు. నువ్వు రాసింది యాడ ఉంది?"

వెతికింది. ఉంటే గదా దొరకను. ఫోనులో ఏదీ మనం దాచం, అదే దాచుకుంటుంది. కంప్యూటరు అట్లా కాదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

పెంచలకృష్ణ వెనక్కి తిరిగి డ్రైవర్లకు వినపడేటట్టు అన్నాడు: "చూసినారా? బీకాం కంప్యూటర్స్! మేము వానలో సైకిలు తొక్కుకుంటా నెల్లూరికి పోయి నేర్చుకున్నాం. ఈ కాలం పిలకాయలకు వేలితో తోయడం తప్ప ఏమన్నా వచ్చా? లే పాపా, లేచి చెప్పులు తొడుక్కో."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడి, "సార్, ఈ కుర్చీలోకి వేరే ఎవరన్నా దొరికినారా?" అని అడిగింది.

"యాడ? వచ్చినోళ్ళంతా నీ బాపతే. వాళ్ళ దెబ్బకు కాటా నేనే వేస్తా ఉండా."

"అయితే కొన్నాళ్ళు మీరే వెయ్యండి. నేర్చుకుని వస్తా."

ఈసారి నవ్వింది పెంచలకృష్ణ ఒక్కడే. "కోతలు అయినాక రా. అప్పటికి ఖాళీ ఉంటే ఇదే పరీక్ష. తప్పు లేకుండా చేసినోళ్ళదే కుర్చీ. సరేనా?"

"సరే సార్."

బయటికొచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని బస్టాపు దాకా కంకర మీద అట్లనే నడిచింది. బస్సులో నేను ఊరుకోకుండా, "వేలితో తోస్తే కదల్లేదు గాని, రెండు చేతులా తోసుంటే కింద పడుండేది మే" అన్నాను.

"తాతా, గమ్మునుండు."

గమ్మునున్నాను. నేను గమ్మునుండడం కూడా నిజమే, రాసుకోండి.

నేర్చుకుంటానని చెప్పొచ్చింది గాని, దేంట్లో నేర్చుకోవాల? ముత్తుకూరులో ఉండిన నెట్ సెంటరులో ఇప్పుడు చికెన్ పకోడీ వేస్తా ఉన్నారు. కాలేజీకి పోయి అడిగితే, పాసైపోయినోళ్ళకు లాబ్ లేదన్నారంట. చదివేవాళ్ళకు మాత్రం ఉన్నట్టు! ఇంతలో కోతపండగ వచ్చింది.

మా చర్చిలో కోతపండగంటే ప్రతి ఇంటివాళ్ళూ తమ పంటలో మొదటిది తెచ్చి ముందర పెట్టాల. వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, బుట్టల్లో రొయ్యలు. ఆరాధన అయినాక పాస్టరుగారు వాటికి వేలంపాట పెడతారు. అందులో ఒక మర్యాద ఉంది. ఒకరు పాడితే వాళ్ళ సొంత మనుషులే పైపాట పాడాల. పాడకపోతే ఆ కుటుంబానికి చెయ్యి బిగుసని పేరు. మామ మీద అల్లుడు, అన్న మీద తమ్ముడు పాడుకుంటా పోతే దేవుని సొమ్ము పెరుగుతుంది, చూసేవాళ్ళకు వేడుక.

ఆ ఏడు కోవూరులో రైసుమిల్లు నడిపే మా పాలెం బిడ్డ జడ్సన్, వడ్ల మూటతో పాటు మిల్లు ఆఫీసులో వాడిన పాత కంప్యూటరు కూడా తెచ్చి గుమ్మడికాయల మధ్యన పెట్టినాడు.

"ఇది ప్రథమ ఫలమా నాయనా, కడపటి ఫలమా?" అని అడిగినాను.

"పని చేస్తుంది మామా," అన్నాడు జడ్సన్ మొగం ఎర్రగా చేసుకుని.

పాస్టరు క్రీస్తురాజుగారు దాని మీద చెయ్యి వేసి, "కంప్యూటరు! ఎవరు పాడతారు దేవుని బిడ్డలారా?" అన్నాడు. జనం నవ్వినారు. ఏంజెలిన్ ఆడవాళ్ళ పక్క నుంచి లేచి పాట పాడింది. తనకు తెలిసినోళ్ళ పిల్లలకు ట్యూషను చెప్పి కూడబెట్టుకున్న దాంట్లోంచి. చర్చి అంతా నా వైపు చూసింది. నేను తాతను గదా. పైపాట పాడినాను.

ఆ పిల్ల ఇంకొంచెం పెంచింది. నేనూ పెంచినాను. అది ఇంకా పెంచుతుందిలే అని నా ధీమా. సరదా ఎక్కింది నాకు. లేచి నిలబడి చెయ్యెత్తి పాడినాను. ఏంజెలిన్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని కూర్చుంది. దాని దగ్గర ఉండింది అయిపోయింది.

"సమాధానంగారికి ఒకటోసారి, రెండోసారి..." అన్నారు పాస్టరుగారు.

"అయ్యగారూ, ఆగండి..." అన్నాను.

"మూడోసారి! హల్లెలూయ!"

అట్లా కంప్యూటరు నా మెడకు పడింది. పాట సొమ్ము కింద, క్రిస్మస్‌కని పెంచుకుంటా ఉండిన పొట్టేలును తోలుకెళ్ళి చర్చి దగ్గర కట్టేసి వచ్చినాను. ఏంజెలిన్ వాకిట్లోనే కాచుకుని ఉంది. ఇంట్లోకి రాగానే అడుక్కుంది.

"అడుక్కుంది" అనే మాట కొట్టేయండి. ఆ పిల్ల అడుక్కునే రకం కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "నీకు దేనికి తాతా అది? దాని మీద ఎండుచేపలు ఆరబెట్టుకుంటావా?" అనింది.

"మిషను నాది. నీకు కావాలంటే ఒక షరతు. నేను చెప్పే కతలు దాంట్లోకి ఎక్కించాల."

"నీ అబద్ధాలా?"

"అబద్ధమైతే ఏం? అక్షరాలు అవే గదా."

లిల్లీ ఐసు చేతులు పొయ్యి దగ్గర కాచుకుంటా, "ఇంట్లో ఒక పిచ్చి చాలదని రెండోది," అని గొణిగింది. కాదనలేదు మటుకు.

నేను చెప్పింది పాస్టరుగారి సైకిలును పట్టుకున్న ఎండ్రకాయ కత. మా పాలెం కాలవలో చేటంత ఎండ్రకాయ ఉండేది. పాతకాలం పాస్టరుగారు సైకిలు మీద పోతా ఉంటే అది వెనకచక్రం పట్టుకుంది. ఆయన భయంతో తొక్కినాడు, ఎండ్రకాయ నాలుగు కాళ్ళతో తోసింది, సైకిలు పెన్నా దాటి కోవూరులో ఆగింది. ఏంజెలిన్ రెండు వేళ్ళతో వెతుక్కుంటా కొట్టింది. పెన్నా ఒడ్డు దాకా వచ్చినాక కరెంటు పోయింది. మళ్ళీ వచ్చి చూస్తే ఎండ్రకాయా లేదు, పాస్టరుగారూ లేడు, పెన్నా లేదు.

ఆ పిల్ల తెల్ల తెరను చాలాసేపు చూసింది. పళ్ళు బిగించి, "మళ్ళీ చెప్పు," అనింది.

మళ్ళీ చెప్పినాను. నా కతకు ఒక రోగం ఉంది, రెండోసారి చెబితే పెరుగుతుంది. ఈసారి ఎండ్రకాయ మంచమంత అయింది.

"మొదట చేటంత అన్నావు!"

"నువ్వు పోగొట్టినావు, అది తప్పించుకుని పోయి పెరిగింది. జాగ్రత్తగా పెట్టుకోకపోతే నాదా తప్పు?"

అప్పట్నుంచి ఒక్కో మాటకూ సేవ్ నొక్కడం మొదలుపెట్టింది. అయితే ఎక్కడ పెట్టిందో మళ్ళీ దొరికేది కాదు. నాకేమో ఆ మిషను గురించి అణా అంత కూడా తెలియదు, మా ఊరి బడిలో పలకే ఎక్కువ. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందంటే, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, దాంట్లో ఎవరో పాఠం చెప్పతా ఉంటే చూసి, ఆపి, చేసి, మళ్ళీ చూసింది. ఈ కాలం పిలకాయలను ఫోనే చెడగొట్టిందని అరుగుల మీద కూర్చుని తీర్పులు చెప్పేవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళను మా ఇంటికి రమ్మనండి. కాలేజీ తాళం వేసుకున్న పాఠాన్ని ఆ పిల్లకు ఫోనే చెప్పింది.

కతలకు ఒక ఫోల్డరు, దాంట్లో ఎండ్రకాయకు వేరే, తుఫానుకు వేరే. పేరు పెట్టి దాచడం, మూసి మళ్ళీ తెరవడం, ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చడం. మధ్యలో ఒకరోజు మిషను పొగ వాసన కొట్టి ఆగిపోయింది. జడ్సన్‌ను కోవూరు నుంచి పిలిపించి, "కానుక ఇచ్చి మధ్యలో చస్తే దేవుడు ఊరుకుంటాడా అన్నా?" అని ఆ పిల్ల నిలదీస్తే, వాడు కిక్కురుమనకుండా బాగు చేయించి తెచ్చిచ్చినాడు. రొయ్యల కంపెనీ బండి రోజూ పొద్దున మా వాకిట్లో ఆగి హారను కొట్టేది. లిల్లీ ఒక్కతే ఎక్కేది. ఎక్కతా ఒకసారి లోపలికి చూసేది.

కోతలు అయినాయి. చేలల్లో మోళ్ళు మిగిలినాయి. మేమిద్దరం మళ్ళీ యార్డుకు పోయినాం. ఈసారి నన్ను రావద్దని కూడా అనలేదు.

పెంచలకృష్ణ గుర్తుపట్టి, "వచ్చినావా? నేను మర్చిపోయినా," అన్నాడు.

"నేను మర్చిపోలేదు సార్," అనింది.

కుర్చీ ఖాళీగానే ఉంది. లారీ ఓనర్లకు ఒక లెటరు రాయాలని కాగితం ఇచ్చినాడు. బొగ్గు మీద పట్ట కట్టకుండా వచ్చే బండ్లను కాటా ఎక్కనిచ్చేది లేదని, ఇంగ్లీషులో. "రాయాల, ఫోల్డరు పెట్టి దాచాల, మిషను ఆపి మళ్ళీ వేసి దాన్ని తీసి ప్రింటు ఇయ్యాల. నేను టీ తాగి వచ్చేలోపల. బయట లారీలు నిలబడి ఉండాయి, నా కాటా ఆ మిషను మీదనే."

ఆయన టీకి పోయినాడు. నేను బయట కిటికీ పక్కన నిలబడినాను. ఏంజెలిన్ నిదానంగా, ఒక్కో మాటా సరిచూసుకుంటా కొట్టతా ఉంది. వెనక లారీలు వరస కట్టినాయి. ముందు బండి డ్రైవరు హారను మీద చెయ్యేసినాడు.

"ఏం పెద్దాయనా, లోపల ఏమన్నా ప్రసంగమా?"

"పరీక్ష నాయనా. అప్పటిదాకా ఒక సంగతి చెబుతా విను. ఈ కాటా ఇంతకుముందు ఒకటి విరిగిపోయింది తెలుసా? బొగ్గుకు కాదు. రొయ్యకు. ఒకే ఒక రొయ్య. లారీలో పడుకోబెడితే మీసాలు పోర్టు గేటు దాకా వచ్చినాయి..."

డ్రైవరు ఇంజను ఆపేసి దిగినాడు. వెనక బండి వాడు కూడా దిగి వచ్చినాడు, నన్ను తిట్టేదానికి. తిట్టేముందర మీసాలు ఎంత లావు అని అడిగినాడు.

పెంచలకృష్ణ టీ తాగి వచ్చేసరికి లెటరు సగంలో ఉంది.

"అయిపోయింది టైము. లే."

ఏంజెలిన్ కొట్టతా ఉంది.

"నిన్నే. లే పాపా. బండ్లు ఆగిపోయినాయి."

"లేవను సార్."

నా కత ఆగిపోయింది. డ్రైవర్లు కిటికీ దగ్గరికి జరిగినారు.

"ఏంది?"

ఆ పిల్ల చేతులు ఆపకుండా, గొంతు పెంచకుండా చెప్పింది: "మూడేళ్ళు కాలేజీలో ఇట్లనే లే లే అని లేపినారు సార్. కూర్చోనిచ్చినోళ్ళు ఒక్కరు లేరు. ఇప్పుడు కూర్చున్నా. రాసిందాకా లేవను."

"నేర్చుకోలేకపోయింది మీరు, కోపం నా మీదనా? మీ తరమే అంత..."

ఇప్పుడు ఆపింది. ఆపి ఆయన మొగంలోకి చూసింది. "మా తరం మా తరం అంటారు. గదికి తాళం వేసింది మా తరమా సార్? ఆ తాళంచెవి ఎవరి మొలలో ఉండింది? మీకు వానలో పోతే నేర్పేదానికి ఒకరు తలుపు తీసినారు. మాకు మార్కులు వేసి తలుపు మూసినారు. రాదంటే రాదనండి, నేర్చుకుంటాం. చేతగానోళ్ళని మాత్రం అనబాకండి."

"ఆమేన్," అన్నాను నేను కిటికీలోంచి.

పెంచలకృష్ణ కుర్చీ వైపు ఒక అడుగు వేసినాడు. బయట డ్రైవరు ఒకడు, "రాయనీ సార్, బొగ్గు ఏమన్నా కుళ్ళిపోతుందా?" అన్నాడు. ఆయన వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడినాడు. నిలబడక ఏం చేస్తాడు, కూర్చునేదానికి ఇంకో కుర్చీ లేదు.

ఏంజెలిన్ లెటరు ముగించింది. పేరు పెట్టి దాచింది. మిషను ఆపింది, మళ్ళీ వేసింది. అది నిదానంగా లేచి వచ్చింది. ఫోల్డరు తెరిచి లెటరు తీసి ప్రింటు కొట్టింది. పెంచలకృష్ణ కాగితం తీసుకుని వెలుతురు దగ్గరికి పోయి చదివినాడు. ఎర్రపెన్ను తీసి ఒకచోట సున్నా చుట్టినాడు, ఇంకోచోట చుట్టినాడు.

"రెండు తప్పులు. తప్పు లేకుండా అని చెప్పినా గదా?"

ఆ పిల్ల కాగితం లాక్కుని, రెండూ చూసుకుని, దాచినదాన్ని మళ్ళీ తీసి, దిద్ది, ఇంకో ప్రింటు కొట్టి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు చూడండి."

చూసినాడు. వెనకా ముందూ తిప్పి చూసినాడు. వెనక ఏముంటుంది, తెల్ల కాగితం.

"నిదానం ఎక్కువ నీకు," అన్నాడు చివరికి.

"పని చేస్తా ఉంటే వేగం వస్తుంది సార్. పొద్దున ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

పెంచలకృష్ణ నా వైపు చూసినాడు. నేను ఆకాశం వైపు చూసినాను. ఇంతలో ముందు బండి డ్రైవరు లారీని కాటా మీదికెక్కించి, కిటికీలోంచి చీటీ లోపలికి చాచినాడు. ఆ చీటీ ఇద్దరికీ మధ్యన ఆగింది.

ఏంజెలిన్ చెయ్యి చాచి తీసుకుంది.

"బండి నంబరు చెప్పన్నా," అనింది. వెనక్కి తిరక్కుండానే, "సార్, ఇది ఏ గడిలో కొట్టాల?"

ఆయన వచ్చి కుర్చీ వెనక నుంచి తెర మీదికి వంగినాడు.

"పైదాంట్లో," అన్నాడు పెంచలకృష్ణ.